మూలవాది

ఒక నవలను ఆధారం చేసుకుని తీసిన సినిమాను అనుసరణ అనీ, ఆ నవలను మూలం అనీ విమర్శకులు వ్యవహరిస్తారు. అనుసరణ ఎంత బాగా వచ్చినా మూలం ముందు దిగదుడుపేనని నమ్మి, ఆ నమ్మకాన్ని ఇంటర్వెల్‌లో గోలీసోడా తాగుతూ పక్క కుర్చీలవారికి బోధించే మనిషిని మూలవాది అనవచ్చు. గోదావరి డెల్టాలో ఈ జాతి రాజమండ్రి నుంచి రాజోలు దాకా, తణుకు నుంచి నరసాపురం దాకా విస్తరించి ఉంది. సాధారణంగా మూలవాది అరవై దాటినవాడు, బ్యాంకులోనో నీటిపారుదల శాఖలోనో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు, 1980లలో వారపత్రిక వచ్చే రోజున బడ్డీకొట్టు తెరవకముందే దాని ముందు నిలబడినవాడు అయి ఉంటాడు.

ఈ జాతి ఈ నేలమీదే ఇంత ఏపుగా పెరగడానికి కారణాలు లేకపోలేదు. తెలుగునేల మీద తొలి సినిమా స్టూడియో అయిన దుర్గా సినీటోన్ 1936లో వెలసింది రాజమండ్రిలోనే. మొగల్తూరు నుంచి ఇంగ్లండుకు ఓడెక్కిన బారిస్టర్ పార్వతీశం కథ 1924లో పుస్తకమై, 1940లో సినిమా కూడా అయింది. యండమూరి వీరేంద్రనాథ్‌ది రాజోలు, జంధ్యాలది నరసాపురం, వంశీది పసలపూడి, చిరంజీవిది మళ్ళీ మొగల్తూరు. రాసినవాడూ మనవాడే, తీసినవాడూ మనవాడే, వేషం వేసినవాడూ మనవాడే కాబట్టి ముగ్గురినీ మందలించే హక్కు తనకు పుట్టుకతోనే వచ్చిందని మూలవాది భావిస్తాడు.

అతడి ప్రధానాయుధం బైండు. వారపత్రికలో వారం వారం వచ్చే సీరియల్ కాగితాలను జాగ్రత్తగా చింపి, వరస తప్పకుండా పేర్చి, దబ్బనంతో కుట్టించి, కాలికో అట్ట వేయించిన పుస్తకాన్ని ఆ తరం పాఠకులు బైండు అనేవారు. అచ్చయిన నవల ఎవరైనా కొనుక్కోగలరు గానీ బైండు కట్టించడానికి నెలల తరబడి ఓపిక కావాలి కనుక, మూలవాది దృష్టిలో బైండు చదవనివాడు నవల చదివినట్టు కాదు. ఆ బైండులో పదిహేడో వారం లేకపోవడం, దాన్ని ఎవరో చుట్టం పట్టుకుపోయి తిరిగి ఇవ్వకపోవడం కూడా అతడి పాండిత్యంలో భాగమే.

సినిమా మీద మూలవాది మోపే అభియోగాలు మూడు. మొదటిది నిడివికి సంబంధించినది. యండమూరి రాసిన 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు' 1984లో కోదండరామిరెడ్డి దర్శకత్వంలో 'ఛాలెంజ్' అయింది. అయిదేళ్ళలో యాభై లక్షలు సంపాదిస్తానని పందెం కాసిన యువకుడు తెరమీద ఆ పని రెండున్నర గంటల్లో ముగించాడనీ, అందులోనూ పాటలకూ ఫైట్లకూ గంట పోగా సంపాదనకు మిగిలింది గంటన్నరేననీ, ఆ లెక్కన బ్యాంకు కూడా అప్పివ్వదనీ అతడి వాదం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. సీరియల్ ప్రతివారం ఒక చిక్కుముడి దగ్గర ఆగిపోయేది. తరువాయి భాగం వచ్చేలోపు పాఠకుడు తన కథ తాను అల్లుకునేవాడు, టీకొట్టు దగ్గర దానికోసం తగాదా కూడా పడేవాడు. సినిమాలో ఆ చిక్కుముడి మరుసటి సీనులోనే వీడిపోతుంది కనుక ప్రేక్షకుడికి అల్లుకోవడానికి తీరిక దొరకదు.

రెండో అభియోగం ముఖాలది. చేతబడులూ మాంత్రికులూ ఆత్మలూ కథ నడిపే నవలలను ఆ రోజుల్లో క్షుద్ర నవలలు అనేవారు. వాటిలో 'తులసిదళం' రాజ్యమేలింది. దానికి కొనసాగింపు 'తులసి'. పుస్తకంలో కాష్మోరా అనే క్షుద్రశక్తికి ఎవరి భయం ఎంతో అంత ఆకారం వస్తుంది, తెరమీద మాత్రం మేకప్‌మన్ చేయి తిరిగినంతే వస్తుంది అంటాడు మూలవాది. పైగా తెలుగులో కొనసాగింపు నవల 1986లో 'కాష్మోరా' పేరుతో తెరకెక్కగా, మొదటి నవల ఆ తర్వాత గానీ సినిమాగా రాలేదు. బారసాల కాకముందే అక్షరాభ్యాసం చేసిన ఈ వైనాన్ని అతడు నేటికీ క్షమించలేదు. అయితే ఆ నవలలు చదివే రోజుల్లో రాత్రిపూట పెరట్లోకి వెళ్ళడానికి తమ్ముణ్ణి తోడు పిలిచిన సంగతి మాత్రం తమ్ముడు చెబితేనే బయటపడుతుంది.

మూడోది పాటల అభియోగం. ఉరిశిక్ష రద్దు కోసం తనంతట తానే హత్యకేసులో ఇరుక్కునే న్యాయవాది కథ 'అభిలాష' 1983లో సినిమా అయినప్పుడు, ఉరికంబం కథకు యుగళగీతాలు ఎందుకని అతడు నిలదీశాడు. ఆ నిలదీత పూర్తయ్యేలోపు ఇళయరాజా బాణీని రెండుసార్లు కూనిరాగం తీశాడు గనుక ఈ అభియోగానికి సాక్ష్యబలం తక్కువ.

స్వదేశీ వాదం చాలదనిపించినప్పుడు మూలవాది అమెరికా వెళతాడు. స్టీఫెన్ కింగ్ 1977లో రాసిన భయానక నవల 'ది షైనింగ్'ను 1980లో స్టాన్లీ కుబ్రిక్ సినిమాగా తీస్తే రచయితకు నచ్చలేదనీ, 1997లో తన ఇష్టప్రకారం టెలివిజన్ ధారావాహికగా మళ్ళీ తీయించుకున్నాడనీ చెప్పి, "చూసేరాండీ, రాసినాయనే ఒప్పుకోలేదు, మనవెంతండీ!" అని ముగిస్తాడు. జనం నేటికీ వెతుక్కుని చూసేది కుబ్రిక్ సినిమానే అన్న మిగతా సగం కథ అతడి నోట రాదు.

ఇంత దృఢమైన సిద్ధాంతానికీ గండాలు ఉన్నాయి. వంశీ తన 'మహల్లో కోకిల' నవలను 1984లో తానే 'సితార'గా తీశాడు, ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి జాతీయ పురస్కారం కూడా వచ్చింది. రచయితా దర్శకుడూ ఒకరే అయినచోట ఎవరిని తిట్టాలన్న ధర్మసంకటం మూలవాదికి ఎదురైంది. కొంతకాలం తర్జనభర్జన పడి, పసలపూడి వంశీకి సినిమా వంశీ అన్యాయం చేశాడని తీర్పు చెప్పాడు. 1991లో యండమూరి తన నవల 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్'కు తానే దర్శకత్వం వహించి, ఆ సినిమా ఆడనప్పుడు మాత్రం మూలవాది ముఖం వెలిగిపోయింది. నవలను ఆ నవల రాసినవాడు కూడా తెరమీదకు తేలేడంటే నవల ఎంత గొప్పదో చూడమన్నాడు.

అసలు గండం ఇంట్లోనే ఉంది. మూలవాది ఇల్లాలు యద్దనపూడి సులోచనారాణి పాఠకురాలు. ఆ రచయిత్రి నవల 'సెక్రటరీ' 1976లో తెరకెక్కి, యాభై రెండేళ్ళ అక్కినేని నాగేశ్వరరావు కథానాయకుడు రాజశేఖరంగా కనిపించినప్పుడు ఆమె అభియోగాలేవీ మోపలేదు. సినిమా అక్కినేని కోసం చూసింది, రాజశేఖరం కోసం ఇంటికి వచ్చి నవల మళ్ళీ తీసింది. రెండింటినీ వేర్వేరు అరల్లో పెట్టుకోగలిగిన ఈ గృహిణీ ధర్మం మూలవాదికి అర్థం కాదు.

'చంటబ్బాయ్' రహస్యం తెలిసినదీ ఆమెకే. మల్లాది వెంకటకృష్ణమూర్తి రాసిన ఆ హాస్య డిటెక్టివ్ నవలను జంధ్యాల 1986లో చిరంజీవితో తీశాడు. మూలవాది ఆ ఒక్కదాన్నీ ముందు సినిమాగా చూసి, ఏళ్ళ తర్వాత నవల చదివాడు. చదివినంతసేపూ కథానాయకుడు పాండురంగారావు చిరంజీవి గొంతుతోనే మాట్లాడాడు, తెరమీద నవ్వించిన చోట్ల పుస్తకం వెలవెలబోయినట్టు తోచింది. చివరికి, నవల బాగానే ఉంది గానీ సినిమా అంత పట్టుగా లేదని పొరపాటున పైకే అన్నాడు. కూర తరుగుతున్న ఇల్లాలు తలెత్తకుండానే, "ఏవండీ, మీకు ముందు ఏది దొరికితే అదే గొప్పదండీ" అంది.

మూలవాది శాస్త్రమంతా ఈ ఒక్క మాటలో ఇమిడిపోతుంది. చదివేటప్పుడు ప్రతి పాఠకుడూ ఖర్చు లేకుండా మనసులో ఒక సినిమా తీసుకుంటాడు. నటులూ ఇల్లూ వానా అన్నీ అతడి ఎంపికే. తర్వాత థియేటర్లో ఇంకొకరు తీసింది చూసి అతడు పోల్చేది ఆ సొంత సినిమాతోనే గానీ నవలతో కాదు. సినిమా ముందుగా చూసినవాడికి ఆ సొంత సినిమా ఉండదు కనుక దర్శకుడిదే తనదిగా ఉంచుకుంటాడు, తర్వాత వచ్చిన పుస్తకాన్ని పరాయిదానిలా చూస్తాడు.

ఇల్లాలి మాటను మూలవాది ఖండించలేదు, దానికి తగిన జాగ్రత్త మాత్రం తీసుకున్నాడు. ఏదైనా కొత్త సినిమాకు నవల ఆధారమని తెలిస్తే ముందు ఆ పుస్తకం తెప్పించుకుని, మొదటి ఆటకు ముందే ముగించాలని రాత్రీపగలూ చదువుతాడు, ఎందుకంటే సినిమా బాగాలేదనడానికి తగిన అర్హత అప్పుడు గానీ రాదు. విడుదల తేదీ వాయిదా పడితే హీరో అభిమానులంతా విచారిస్తారు. ఇంకా నూట ఇరవై పేజీలు మిగిలి ఉన్న మూలవాది ఒక్కడే ఊపిరి పీల్చుకుంటాడు.