మహాద్వారం దాటని కెమెరా

తిరుమలలో వీఐపీ దర్శనం ముగిసేసరికి ఆలయం ఎదుట మైకులు బారులు తీరి ఉంటాయి. భుజాన శేషవస్త్రం, చేతిలో లడ్డూ, మొహం మీద చిరునవ్వు. 'స్వామివారిని ఏం కోరుకున్నారు?' అన్న ప్రశ్నకు 'ప్రజలంతా చల్లగా ఉండాలని' అన్న జవాబు ఏనాడూ మారదు. అయినా అది బ్రేకింగ్ న్యూసే!

అదే కెమెరా భాకరాపేట ఘాట్ ఎక్కి ఎర్రావారిపాలెం మండలానికీ వెళ్తుంది. తలకోన జలపాతం చూపించడానికి! ఆ మండలం పిల్లే హాకీ గోల్‌కీపర్ ఇటిమార్పు రజని. 2017 ఆసియా కప్ స్వర్ణం, 2022 కామన్వెల్త్ కాంస్యం గెలిచిన భారత జట్లలో ఉంది. బంతులు ఆపడం ఆమెకు తెలుసు, కెమెరాలను ఆపడమే చేతకాలేదు.

క్రీడాకారుల్లో మహిళలు 40 శాతమని, క్రీడావార్తల్లో వారికి దక్కేది 4 శాతమేనని 2018లో యునెస్కో చెప్పిన లెక్క.

చూసేవాళ్లుండరన్న సాకూ చెల్లదు. మహిళల ప్రీమియర్ లీగ్ ప్రసార హక్కులు ఐదేళ్లకు 951 కోట్లు పలికాయి. 2025లో భారత మహిళల క్రికెట్ జట్టు ప్రపంచకప్ గెలిచాకే కదా, పక్కనున్న కడప జిల్లా బౌలర్ శ్రీచరణి ఇంటి దారి చానళ్లకు దొరికింది!

ఇక జిల్లా పేజీలో బాలికల కబడ్డీ ఫొటో చూడండి. నడుమ ముఖ్య అతిథి, కూతకు దిగినట్టు పోజు. కింద ఆయన పేరు, హోదా, అనుచరుల పేర్లు వరసగా. అమ్మాయిలు మాత్రం 'క్రీడాకారిణులు'. గెలిచిందెవరో, స్కోరెంతో రేపటి సంచికలోనూ రాదు.