చారాణా మిక్సీకి బారాణా రిపేరు

మిక్సీ ఆగిపోగానే ఇంట్లో మొదట వచ్చే మాట ఒకటే. చారాణా కోడికి బారాణా మసాలా ఎందుకు, కొత్తది కొనేద్దాం పద. దీనికి తోడు ఒక లెక్క కూడా చెబుతారు. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే ఆ వస్తువును వదిలేయాలట. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. ఆ లెక్క వేయకండి. సగం దాటినా, ముప్పావు దాటినా, చివరికి కొత్తదానంత అయినా సరే, పాతదాన్నే బాగు చేయించండి.

ఎందుకంటే ఆ లెక్కలో మీ డబ్బు ఉంది గానీ మీ వీధి చివర మెకానిక్ లేడు. ఫ్యాన్ కండెన్సర్ మార్చడం, ఇస్త్రీపెట్టె వైరు మార్చడం లాంటి చిన్న పనులతో అతని దుకాణం అద్దె రాదు. మోటారు రివైండింగ్, ఫ్రిజ్ కంప్రెసర్, వాషింగ్ మెషీన్ డ్రమ్ము బేరింగులు, ఇలాంటి పెద్ద పనులే అతన్ని నిలబెడతాయి. ‘గిట్టదు’ అని మనం మానుకునేవి సరిగ్గా ఈ పనులే. పెద్దవి ఇవ్వడం మానేస్తే అతను షట్టర్ దించేసి ఇంకో పని చూసుకుంటాడు. ఆ తర్వాత అరవై రూపాయల కండెన్సర్ పోయినా మార్చే మనిషి ఉండడు, ఫ్యానే మార్చాలి. గిట్టే రిపేర్లు బతకాలంటే గిట్టని రిపేర్లు కూడా చేయించాలి.

అలాగని ప్రతిదానికీ దుకాణానికి పరుగెత్తనక్కర్లేదు. ముందు ప్లగ్ తీసి మిక్సీని తిరగేసి చూడండి. చాలావాటికి అడుగున ఒక చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. అది ఓవర్‌లోడ్ స్విచ్. సరిగ్గా నానని పప్పు వేసి ఆపకుండా తిప్పితే మోటారు కాలిపోకుండా అదే కరెంటు ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి ఆ బటన్ నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. మోటారు తిరుగుతున్నా జార్‌లో బ్లేడు కదలకపోతే కప్లర్ పళ్ళు అరిగాయన్నమాట. చాలా మిక్సీల్లో కప్లర్‌కు ఎదురు మర ఉంటుంది, అలవాటుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. అడుగు నుంచి ఇరుసును స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని, పైన కప్లర్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి, ఊడి వస్తుంది. లోపల పెద్ద పెద్ద నిప్పురవ్వలు కనిపిస్తూ మోటారు ఆగి ఆగి తిరుగుతుంటే కార్బన్ బ్రష్‌లు అయిపోయి ఉండొచ్చు. స్ప్రింగు నొక్కి పెడుతుంటే కమ్యుటేటర్‌ను రాసుకుంటూ అరిగిపోవడమే ఆ రెండు నల్లటి ముక్కల పని, కాబట్టి వాటిని మార్చడం రిపేరు కిందికే రాదు. జార్ అడుగున నల్లటి నీరు కారితే బుష్ మార్చించాలి. వైండింగ్ కాలితే మాత్రం ఖర్చు వెయ్యి దాటొచ్చు. నా సలహా మీకు అవసరమయ్యేది అప్పుడే. మెకానిక్ పాత చుట్లు లెక్కపెట్టి, తీగ గేజు చూసి, మళ్ళీ అంతే తీగ చుడతాడు. రాగి తీగే వేయమని చెప్పండి. అల్యూమినియం వేస్తే చవకే గానీ త్వరగా వేడెక్కుతుంది.

ఇంకో సలహా. చెడిపోయేదాకా ఆగకండి, బాగా నడుస్తున్నదాన్నే తెరవండి. నడుస్తున్నదాన్ని కెలకొద్దంటారు పెద్దవాళ్ళు. నేను మాత్రం ఏటా ఒకసారి తెరవమంటాను. దసరాకు ఆయుధ పూజ రోజున మిక్సీకి, మోటారుకు, స్కూటరుకు పసుపు కుంకుమలు పెడతాం కదా, అందుకు ముందు రోజే పెట్టుకోండి ఈ పని. ఫ్యాన్ రెక్కల మీద బూజు, మిక్సీ గాలి రంధ్రాల్లో ఇరుక్కున్న కారప్పొడి, వాషింగ్ మెషీన్ నీటి పైపు మొదట్లో ఉన్న జాలీ, ఫ్రిజ్ వెనక కాయిల్ మీద దుమ్ము, అన్నీ తుడవండి. ఉప్పునీళ్ళ ఊళ్ళలో గీజర్ ఎలిమెంట్‌కు సున్నం ఎంత మందాన పడుతుందో ఒకసారి విప్పించి చూస్తే, ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే మీరే సర్వీసింగ్ చేయిస్తారు.

కరెంటు బిల్లు సంగతేమిటని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 13 యూనిట్లకు పైగా తేడా వస్తుంది. అయినా పాత ఫ్యాన్‌కే బేరింగులు వేయించండి. అందులో ఉన్నది రాగి చుట్టలు, రెండు బేరింగులు, ఒక కండెన్సర్. మండలంలో ఏ మెకానిక్ అయినా దాన్ని విప్పగలడు. కొత్తదాన్ని నడిపేది ఎలక్ట్రానిక్ బోర్డు. అది పోతే అతని చేతిలో ఉన్న విద్యకు పని లేదు, కంపెనీ బోర్డు వచ్చేదాకా మీకు గాలి లేదు.

ఆ బోర్డుల సంగతీ చెప్పాలి. ఏసీ బయటి యూనిట్లో బల్లి దూరి బోర్డు కాలిపోవడం మన ప్రాంతంలో మామూలే. బోర్డు మొత్తం మార్చాలంటే వేలల్లో అడుగుతారు. ఒప్పుకోకండి. చాలాసార్లు పోయేది అందులో ఒక రిలేనో, ఒక ఉబ్బిన కెపాసిటరో. విడి భాగం ఊడదీసి టంకం పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీకి వెళితే రెసిస్టర్లు, ఐసీలు, ట్రాన్స్‌ఫార్మర్లు విడిగా దొరుకుతాయి. రోజంతా పట్టినా సరే, వెళ్ళండి.

ఎక్స్‌చేంజ్ ఆఫర్‌కు ఏదీ ఇవ్వకండి. ఇక బతకదని తేలినదాన్ని కూడా వెంటనే వదిలించుకోకండి. దాని వైరు, నాబ్, స్క్రూలు, జార్ మూత మరోదానికి ప్రాణం పోస్తాయి. ఇల్లు ఇరుకైతే కానివ్వండి, అటక ఉన్నది అందుకే. పాత రేడియోకు ప్లగ్ వైరు కత్తిరించి, బ్యాటరీలు తీసేసి, పిల్లల చేతికి ఒక స్క్రూడ్రైవర్ ఇవ్వండి. విప్పినదాన్ని వాళ్ళు మళ్ళీ బిగించలేకపోయినా ఏమీ కాదు.

కొన్నిటి జోలికి మాత్రం మీరు వెళ్ళనే వెళ్ళొద్దు. మైక్రోవేవ్ ఓవెన్ కెపాసిటర్‌లో ప్లగ్ తీశాక కూడా ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ కూడా అంతే. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండే ఆర్600ఏ గ్యాస్ మండుతుంది. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని గుచ్చకూడదు, నొక్కకూడదు. ఇవన్నీ పని తెలిసినవాళ్ళు చేయాల్సినవి.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోకి వచ్చాయి. ఫ్రాన్స్‌లోనైతే 2021 నుంచి కొన్ని వస్తువులకు, రిపేరు ఎంత తేలికో పదికి ఇన్ని మార్కులని అమ్మే చోటే చూపించాలి. మన దగ్గర అంతదాకా రాలేదు కాబట్టి మీరే అడగండి. కొనేటప్పుడు ‘ఎన్ని స్టార్లు’ అని అడిగే నోటితోనే ‘స్పేర్లు ఎన్నేళ్ళు దొరుకుతాయి, స్క్రూలున్నాయా, అతికించేశారా’ అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ షాపులో కొనకండి.

మీ అటక మీద ఇప్పుడు కూడా ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని దించి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. గిట్టదని అతనే అన్నా చేయమనండి. చేయలేకపోతే, విప్పి చూసినందుకు డబ్బులిచ్చి రండి.