డాలరు, పర్సెంటు, ఒకటో పాఠం

ఆకివీడులో చూపు లేని ఓ డిగ్రీ కుర్రాడు ఫోన్‌లో తెర మీది అక్షరాలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని తెలుగు పాఠం తెరిచాడనుకోండి. పద్యం వినబడుతుందనుకుంటే "డాలర్, పర్సెంట్, స్టార్" అంటుంది. చేపల కాటా దగ్గర బేరం కాదు నాయనా, పాఠమే! యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటులో కూర్చిన పుస్తకమది. మన కంటికి తెలుగు, యంత్రానికి ఇంగ్లీషు గుర్తులు. పోనీ కంప్యూటర్లో అలాగే చదివి వినిపించే ఎన్‌వీడీఏతో విందామంటే, రెండో పుస్తకం పేజీలన్నీ స్కాన్ బొమ్మలు. కొల్లేటి కొంగ తపస్సులా నోరే విప్పదు.

చట్టాలకేం లోటు? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. చూపు లేనివారి పుస్తకాల కోసం 2013లో మరకేష్ ఒప్పందం కుదిరితే, 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదముద్ర వేసింది మనమే. ముద్ర మరకేష్ దాకా వెళ్లింది, ఫాంటు మాత్రం కంపోజింగ్ గది గడప దాటలేదు.

ఫిర్యాదు చేద్దామా? దరఖాస్తు ఫారం కొల్లేటి చాంతాడంత. అదీ స్కాన్ బొమ్మే!

అన్నట్టు, ఈ చురకను ఏ ఫాంటులో కూర్చారని మాత్రం అడక్కండి.