వాంతయితేనే వినతి

పల్లెల పిల్లలూ ఇంజినీర్లు కావాలని 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. పది పాసైన బిడ్డను ఆరేళ్లు హాస్టల్లోనే ఉంచుతారు గనక చదువుతోపాటు పొట్టకూ సర్కారుదే పూచీ. 2022 జూన్‌లో బాసర పిల్లలు వారంపాటు బైఠాయించి, మంచి తిండి పెట్టండి, పూర్తికాలపు వైస్ చాన్సలర్‌ను వేయండి అన్నారు. హామీలు వడ్డించారు. జూలైలో ఎగ్ ఫ్రైడ్ రైస్ వడ్డించారు. మొదటివి అరగకముందే రెండోది వందమందికి పైగా పిల్లల్ని మంచాన పడేసింది.

వేలమందికి వండేచోట ఎప్పుడో ఒకసారి తేడా రాదా అని అధికారులు అడగొచ్చు. తిరుమలలోనూ రోజూ వేలమందికే వండుతున్నారు మరి! బాసరలో ఉన్నది చదువులతల్లి. వంటశాల ఆవిడ శాఖ కాదు కాబోలు. ముందే తెలిస్తే ఆపేవాళ్లం అంటారా, పిల్లలు వారంపాటు కూర్చుని చెప్పింది ఇంకేమిటి? వాంతులయ్యాక గానీ వినతిపత్రం అందినట్టు లెక్క కాదన్నమాట. తనిఖీ కమిటీలు, నోటీసులు ఎందుకు, పెద్ద సార్లంతా రోజూ ఆ మెస్‌లోనే, ఆ వరుసలోనే నిలబడి తినాలని ఒక్క జీవో ఇవ్వండి. ఖర్చు సున్నా, ఫలితం మర్నాటికే.