లప్పం మీద లావణ్యం

పాత కారు చూడ్డానికి వెళ్లేవాడు డబ్బు ఇంట్లో మర్చిపోయినా ఫరవాలేదు, అయస్కాంతం మర్చిపోకూడదు. అదీ పాత స్పీకరులోంచి పీకిన బలమైన అయస్కాంతం పనికిరాదు. అలాంటిది లప్పం కింద ఎక్కడో దాక్కున్న రేకును కూడా పసిగట్టి అతుక్కుపోయి, అమ్మేవాడి పరువు కాపాడుతుంది. ఫ్రిజ్ తలుపుకి అంటించే బొమ్మల వెనక ఉంటుందే, ఆ నీరసపు అయస్కాంతమే నమ్మకమైన సాక్షి.

మా మామయ్య వాడిన 1975 మోడల్ ప్రీమియర్ పద్మిని నాకు కొనుక్కునే పని లేకుండానే సంక్రమించింది. తాళాలు చేతిలో పెడుతూ ఆయన, "ఒరేయ్, బాడీ అంతా ఉక్కురా. ఇప్పటి కార్లలా డబ్బా రేకు కాదు" అన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రికి ఆ మాటే అప్పజెప్పాను. ఆయన ఏమీ అనకుండా సామాన్ల పెట్టెలోంచి తిరుపతి కొండ మీద కొన్న వెంకటేశ్వరస్వామి ఫ్రిజ్ బొమ్మ ఒకటి తీశాడు. బానెట్ మీద పెడితే స్వామి నిలబడ్డాడు. డిక్కీ మీదా నిలబడ్డాడు. ఎడమ తలుపు అడుగున పెడితే మెల్లగా జారిపోయాడు. కుడి మడ్‌గార్డు మీద పెట్టీ పెట్టకముందే నేలకు దిగిపోయాడు.

"స్వామి నిలబడని చోటల్లా లప్పమేనండి, సార్" అన్నాడు మేస్త్రి.

లప్పాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. సొట్ట తీసి రేకు సాపు చేశాక, ఇంకా మిగిలిన ఎగుడుదిగుళ్లు కనిపించకుండా పలుచగా పూయడానికే అది పుట్టింది. హార్డెనర్ కలిపితే నిమిషాల్లో గట్టిపడుతుంది, రుద్దితే నున్నబడుతుంది. ఇంత మంచితనం ఉన్నవాళ్లను లోకం ఎలా వాడుకుంటుందో దాన్నీ అలాగే వాడుకున్నారు. మా తలుపు అడుగున తుప్పు తిన్న కంత ఒకటుంది. పూర్వపు పనివాడెవరో అందులో తెలుగు దినపత్రిక ఉండచుట్టి కుక్కి, పైన లప్పం మెత్తి, రంగు కొట్టి చేతులు దులుపుకున్నాడు. విప్పి చూస్తే లోపల సగం నింపిన పదకేళి. మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాడు ఆ పూట సుత్తి ముట్టుకోలేదు, మిగతా సగం నింపుతూ కూర్చున్నాడు.

అసలు ఆ కంత ఎందుకు పడిందో తెలిశాక నాకు తలుపుల మీద గౌరవం పెరిగింది. వాన నీళ్లు అద్దం పక్క రబ్బరు బీడింగ్ సందుల్లోంచి తలుపులోకి దిగుతాయి. దిగాలనే దాన్ని అలా తయారుచేస్తారు. ఆ నీళ్లు బయటికి పోవడానికి అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి. రంగు వేసిన ప్రతివాడూ వాటిని లోపాలనుకుని శ్రద్ధగా లప్పంతో పూడ్చాడు. తలుపు చెరువైంది. తుప్పు బయటినుంచి లోపలికి పోతుందనుకుంటాం గానీ, పాత కార్ల తలుపుల్లో అది ఇంటిదొంగ.

కుళ్లిన రేకు కోసేసి 20 గేజి రేకు ముక్కలు అతికారు. వెల్డింగు ఒక్క గీతలా లాగితే వేడికి రేకు అప్పడంలా వంకర తిరుగుతుందట. అందుకని ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ మొదలుపెట్టాలి. సాగిపోయిన రేకును వెనక్కి లాగడం ఇంకా అందం: గ్యాస్ మంటతో ఒక బొట్టంత చోటు ఎర్రగా కాల్చి, వెనక డాలీ అనే ఇనుపదిమ్మ ఆనించి సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, తడిగుడ్డ అద్దుతారు. రేకు చుయ్యిమని ముడుచుకుంటుంది. ఆ తర్వాత మేస్త్రి కళ్లు మూసుకుని అరచేత్తో మడ్‌గార్డు తడిమాడు. నా కంటికి అద్దంలా ఉన్నచోట ఆగి, "ఇక్కడ పల్లం ఉందండి" అన్నాడు. ఉంది కూడా. ఆ అరచేతికి ఎంత ఇచ్చినా తక్కువేనని నా నిశ్చితాభిప్రాయం. బిల్లు చూశాక ఆయన అభిప్రాయమూ అదేనని తెలిసింది.

తర్వాత రంగు. కారు ఎవరిదైనా రంగు మాత్రం బంధువులందరిదీ.

మామయ్య మనవడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి మ్యాట్ బ్లాక్ కొట్టించమన్నాడు. వెడల్పాటి అల్లాయ్ వీల్స్, వెనక స్పాయిలరు, డిక్కీ నిండా సబ్‌వూఫరు అన్నాడు. మా బావమరిది మిలటరీ ఆకుపచ్చ అయితే హుందాగా ఉంటుందన్నాడు. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకు తప్ప ఎవరికీ కుదరదని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. ఆ సంగతి చెబితే, "అయితే కొంచెం పసుపు కలిపిద్దాం బావా" అన్నాడు. బండి రూపురేఖలు మార్చడం మీద 2019లో సుప్రీంకోర్టే గట్టిగా చెప్పింది: ఆర్‌సీలో ఉన్న తయారీదారు వివరాలకు తేడా వచ్చేలా మార్చకూడదని. రంగు మార్చుకోవచ్చు గానీ ఆర్‌సీలో రాయించుకోవాలి. ఇంతకీ, మార్పులంటే ఇవా? హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియానికి వెళ్తే బూటు ఆకారంలో కారుంది, హ్యాండ్‌బ్యాగు ఆకారంలో ఉంది, బర్గరు ఆకారంలోనూ ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం పురమాయించిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. అందులో వెనక సీటు బదులు ఏకంగా సింహాసనం. ఆ చోట సబ్‌వూఫరు పెట్టమనే మనవడు ఆయనకు లేకపోయాడు.

చివరికి ఒరిజినల్ రంగే వేయించాలని తీర్మానించాం. గొడవ అక్కడ మొదలైంది.

మేస్త్రి బానెట్ మీద ఒకచోట వాటర్ పేపరుతో రుద్దుకుంటూ పోతే పొరలు బయటపడ్డాయి. పైన తెలుపు, దాని కింద మెరూన్, దాని కింద లేత నీలం, ఇంకా కింద క్రీము. మామయ్య, "క్రీమే. నేను కొన్నది క్రీము బండి" అన్నారు. అత్తయ్య ఒప్పుకోలేదు. "పెళ్లిచూపులకు మీరు నీలం కారులో వచ్చారు. నేను కిటికీలోంచి చూశాను."

"అది అద్దె కారే!" అన్నారు మామయ్య.

ఇన్నేళ్ల కాపురంలో ఈ విషయం ఇప్పుడా బయటపడేది! అత్తయ్య లోపలికి వెళ్లిపోయింది. పిన్ని మాత్రం, "క్రీమూ కాదు, నీలమూ కాదు, బూడిద రంగు. నాకు బాగా గుర్తు" అంది. మేస్త్రి మా మాటలు పట్టించుకోకుండా తలుపు బీడింగ్ ఊడదీశాడు. ఎండ తగలని ఆ సందులో కంపెనీవాళ్లు వేసిన రంగు చెక్కుచెదరకుండా ఉంది. క్రీము. రంగు కలిపే షాపువాడికి ఆ సందులోని నమూనాయే చూపించాలట, ఎండకు వెలిసిన చోటు చూపిస్తే వెలిసిన రంగే కలిపి ఇస్తాడు. పిన్ని ఆ సందులోకి తొంగిచూసి, "మురికి పట్టి అలా అయ్యుంటుంది" అని తేల్చింది.

విడి భాగాలు చాలావరకు ముంబయి నుంచి వచ్చాయి. కుర్లాలో పుట్టిన బండి, అక్కడే ట్యాక్సీగా జన్మలు ఎత్తింది. 2023 అక్టోబరుతో ఆ పద్మిని ట్యాక్సీల గడువు తీరిపోయాక దీపాల గాజులకు బంగారం ధర వచ్చింది. బండి పేరు చిత్తోడు రాణిది. కథలో ఖిల్జీ ఆమెను అద్దంలో మాత్రమే చూశాడట. మా ఆవిడ, "ఈ పద్మినిని కూడా వెనక బండివాళ్లు మనల్ని దాటిపోయాక అద్దంలోనే చూస్తారు" అంది.

ఆమెను మంచి చేసుకుందామని వింటేజ్ సంగతి ఎత్తాను. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్లో పెద్ద మార్పులు లేని బండ్లకు 2021లో కేంద్రం వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. కొత్తగా రిజిస్టరు చేయిస్తే నంబరులో 'వీఏ' అక్షరాలొస్తాయి, రుసుము 20,000 రూపాయలు. కాకపోతే రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలకో, ర్యాలీలకో, పెట్రోలుకో, మరమ్మతుకో మాత్రమే బయటికి తీయాలి.

"మరమ్మతుకు తప్ప బయటికి వెళ్లకపోవడం దానికి అలవాటేగా, ఏవండీ. దానికి ఇరవై వేలెందుకు?" అంది.

రంగు కొట్టే రోజు కోసం పెళ్లి ముహూర్తం కంటే ఎక్కువ చూశాం. గాలిలో తేమ ఉంటే కొత్త రంగు పాలిపోతుంది. దుమ్ము పడితే ఇసుక చల్లినట్టే. నేల తడిపి, తెరలు కట్టి, బూడిద రంగు ప్రైమరు మీద క్రీము, క్రీము మీద క్లియరు కోటు కొట్టారు. చివర్న 2000 నంబరు వాటర్ పేపరు, ఆపైన పాలిష్. అప్పగిస్తూ మేస్త్రి, "నెల్లాళ్లు ఏదీ తగలనివ్వకండి సార్, రంగు లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది" అన్నాడు.

మర్నాడే ఇంద్రకీలాద్రి దగ్గర వాహన పూజ. మామయ్య స్వయంగా బంతిపూల దండ తెచ్చి, జారకుండా బైండింగ్ వైరుతో బానెట్‌కు బిగించారు. కొబ్బరికాయ కొట్టాం, నిమ్మకాయలు తొక్కించాం, దండ తీశాం. వైరు కొస గీరిన చోట బానెట్ మీద జానెడు గీత, క్రీము లేచిపోయి ప్రైమరు తేలింది.

పిన్ని కళ్లజోడు సవరించుకుని, వంగి దగ్గర్నుంచి చూసింది.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, బూడిద రంగని."