తుంగ సూత్రమునకు టీకా తాత్పర్యములు

అవతారిక

సున్నపురాతి నేలపై సిమెంటు కర్మాగారములకును, స్వయంభువగు శంభులింగేశ్వరునకును ఏకకాలమున నివాసభూమియైన మేళ్లచెరువున, వాకిట కళ్లాపి చల్లి ముగ్గు పెట్టిన చాలునని పెద్దలు తృప్తినొందిన చోటనే, నేటి గృహస్థుడొకడు నర్సరీ నుండి కొరియన్ గడ్డి చాపలను తెప్పించి, వాని క్రింద ట్రాక్టరుతో పొలపు మట్టిని పరపించి, ఆ మట్టితోడనే దాగి వచ్చిన తుంగగడ్డలను గూడ తన ఖర్చుతోనే ఇంటికి ఆహ్వానించెను. పచ్చిక జానెడు పెరుగక మునుపే తుంగ మూరెడు లేచి నిలువగా, అతడు కోదాడలోని ఎరువుల దుకాణమున మొరపెట్టుకొనెను. అప్పుడు దుకాణదారుడు తలయెత్తకయే ఉపదేశించిన సూత్రమిది.

మూలము

“సారూ, ఇది కొట్టండి. తుంగ చస్తది, గడ్డికేం గాదు. నెల దాక పీకొద్దు.”

ఋష్యాదికము

ఈ మంత్రము సల్ఫొనైల్ యూరియా శాఖకు చెందినది. ఆ శాఖకు ద్రష్ట డ్యూపాంట్ సంస్థలో రసాయనజ్ఞుడైన జార్జి లెవిట్. దర్శనకాలము 1970వ దశకము. ఛందస్సు గ్రాములు. అధిదేవత ఓర్పు. తుంగ నివారణార్థము వినియోగము.

ప్రతిపదార్థము

సారూ = నీళ్ల పైపు చేతబట్టిన ఓ గృహస్థా; ఇది = పొట్లములోని హాలోసల్ఫ్యురాన్ మిథైల్ 75 శాతపు గుళికల మందును; కొట్టండి = నీట కలిపి, జిగురు మందు చేర్చి, పంపుతో ఆకులు తడియునట్లు పిచికారీ చేయుడు; తుంగ = 1753లో లినేయసు ‘సైపరస్ రొటండస్’ అని పేరిడినదియు, మూడంచుల కాండము గలదియునగు కలుపు; చస్తది = నశించును; గడ్డికి = నాటి వేళ్లూనిన గరిక, కొరియన్ గడ్డి మొదలగు పచ్చికకు; ఏం గాదు = హాని కలుగదు; నెల దాక = నాలుగు వారముల పర్యంతము; పీకొద్దు = చేతులు కట్టుకొని కూర్చుండుడు.

వ్యాఖ్యానము

“గడ్డికేం గాదు” అనుటచే సర్వసంహారకములగు మందులు నిరాకరింపబడినవి. గ్లైఫోసేటు కొట్టినచో తుంగతో పాటు పచ్చికయు మాడిపోవును గాన, శత్రువుతో బాటు స్వపక్షమును గూడ దగ్ధము చేసిన సేనానికి దక్కు జయమే గృహస్థునకు దక్కును. మరి ఒకే మందు ఒకదానిని చంపి వేరొకదానిని విడుచుటెట్లని శంక. సమాధానము: మొక్కలు వేలిన్, లూసిన్, ఐసోలూసిన్ అను మూడు అమైనో ఆమ్లములను స్వయముగా వండుకొనుటకు ఆవశ్యకమైన ఎంజైమును ఈ మందు స్తంభింపజేయును. తుంగ పొయ్యి ఆరి పస్తుండి చచ్చును. గరికయో, హాలాహలమును మ్రింగిన శంభుని వలె, మందును లోననే విరిచి జీర్ణించుకొనును. మనుష్యులకు ఆ ఎంజైము పుట్టుకతోనే లేదు. ఆ మూడింటిని మనము పప్పన్నములో సంపాదించుకొందుము. అంతమాత్రమున చేతితొడుగులును ముఖమునకు గుడ్డయును లేకుండ పంపు మోయవచ్చునని అర్థము గాదు. ప్రక్కనున్న గులాబీ, వంగ, మిరప మొక్కలపై జల్లు పడినను హాని లేదనియు అర్థము గాదు. గాలి లేని పూట చూచుకొనవలయును.

“కొట్టండి” అను విధియందు పరిమాణము చెప్పబడలేదు. చెరకు తోటకు ఎకరమునకు 36 గ్రాములు వాడుక. ఎకరమునకు 40 గుంటలు గావున గుంటకు పడునది 0.9 గ్రాము. రెండు గుంటల పచ్చిక గల గృహస్థునకు రెండు గ్రాములైనను పట్టదు. అనగా ఇచట కావలసినది పారగాదు, కంసాలి త్రాసు. “మందు మంచిది గదా, మరికొంత పడనిమ్ము” అను దయాగుణము ఈ ఘట్టమున నిషిద్ధము. ముందుగా వట్టి నీళ్లతో పిచికారీ చేసి, తన నేలకు ఎన్ని లీటర్లు పట్టునో చూచుకొన్నవాడే మందు కలుపుటకు అర్హుడు. కొట్టుటకు రెండు దినముల ముందును, రెండు దినముల పిమ్మటను గడ్డి కోయరాదు. కొట్టిన పూట నీరు పెట్టరాదు.

ఇక “పీకొద్దు” అనుచోట మీమాంస కలదు. “కొట్టండి” యను విధి ప్రధానమా, “పీకొద్దు” అను నిషేధము ప్రధానమా? కొందరు విధియే ప్రధానమందురు. దుకాణమువాడు డబ్బు తీసికొనినది దానికే గదా యని వారి హేతువు. అది నిలువదు. తుంగ నివసించునది ఆకులలో గాదు. భూమిలో జేనెడు లోతున సన్నని తీగలకు గ్రుచ్చిన గడ్డల వరుసలో నివసించును. కొననున్న గడ్డ మొలచినంత కాలము వెనుకటి గడ్డలు దాని యాజ్ఞకు లోబడి నిద్రించును. పైమొక్కను పట్టి లాగినచో తీగ తెగును. పెద్ద తలకాయ పోవుటతో నిద్రించుచున్నవన్నియు స్వతంత్రములై మొలకెత్తును. ఒక దానిని పీకి నాలుగింటికి జన్మమిచ్చువాడు తాను కలుపు తీయుచున్నాననుకొనును గాని, చేయునది నారు పెంపకము. మందు కొట్టిన పిదప పీకినచో, ఆకు నుండి గడ్డకు దిగుచున్న మందు నడిమార్గమున ఆగి, ఖర్చును శ్రమయును రెండును వ్యర్థములగును. రెండు వారములకు గాని ఆకు పసుపుబారదు. ఆ రెండు వారములు “మందు నకిలీది” అను పొరుగువారి తీర్పును సహించుటయే నిజమైన సాధన. కావున నిషేధమే ప్రధానవాక్యము. తక్కినది దానికి అంగము.

విశేషము

ఈ తుంగను కేవలము శత్రువని భావింపరాదు. దీని గడ్డయే ముస్త. జ్వరమునకు వైద్యులిచ్చు షడంగపానీయమున ఆరింటిలో నొకటి. మేఘమునకు గల పేర్లన్నియు దీనికిని చెల్లునని అమరసింహుడు గౌరవించెను. శాకుంతలమున వేట మానిన దుష్యంతుడు, అడవిపందులు మడుగులలో నిర్భయముగా ముస్తలు త్రవ్వుకొనవచ్చునని సెలవిచ్చెను. ఇట్టి చరిత్ర గలది మన వాకిట కలుపైనది. పత్తి చేలలో రైతు తిట్టి పీకించు గరికయో, మన వాకిట రాణియైనది. కలుపుతనము మొక్కయందు లేదు, యజమాని చూపునందు గలదు.

తాత్పర్యము

శత్రువును గుర్తించి, దానికి మాత్రమే తగులు మందును, చెప్పిన కొలత మీరక, గాలి లేని పూట కొట్టి, అటుపైన ఏమియు చేయకుండుట తుంగ నివారణము.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధగా చదివి ఆచరించినవాని పచ్చిక నెలకు స్వచ్ఛమగును. అయినను నిద్రాణములైన గడ్డలకు మందు చేరదు గనుక, ఆరు నుండి పది వారములకు కొన్ని మరల తలయెత్తును. అప్పుడు మొదటివలెనే తూచి రెండవమారు కొట్టవలయును. అప్పటికిని మిగిలినవానిని త్రవ్వి, ఎండబెట్టి, వైద్యునకమ్ముకొనువానికి ఐహికముగా కొంత లాభమును గలదు.