ఇండెక్సులకు ఆదివారం తలంటు

డేటాబేస్ చిట్కా అంటే షరతులన్నీ రాలిపోయాక మిగిలిన సలహా. నిపుణుడి రాతలో ఫలానా వెర్షన్, ఫలానా లోడు, ఇలా కొలిస్తే ఇంత తేలిందన్న వివరాలు పేజీలకు పేజీలు ఉంటాయి. ఫార్వర్డు అవుతూ పది గ్రూపులు తిరిగి వచ్చేసరికి ఒక్క వాక్యం మిగులుతుంది, దాని నెత్తిన "చాలా ఉపయోగకరం, తప్పక చదవండి" అన్న బొట్టు. పంపినవారు చదివారా అన్నది ఈ సంప్రదాయంలో అడగకూడని ప్రశ్న. శుభలేఖలు పంచేవాడిని ముహూర్తం లెక్క ఎవరూ అడగరు.

ఈ చిట్కాల శాఖకు ఇలవేల్పు బఫర్ క్యాష్ హిట్ రేషియో. డేటా కావాల్సి వచ్చినప్పుడు డిస్కు దాకా పోకుండా మెమరీలోనే దొరికింది నూటికి ఎన్నిసార్లు అన్నదే ఆ లెక్క. తొంభై దాటితే సిస్టమ్‌కు ఆరోగ్యం, తగ్గితే మెమరీ కొనాలి అన్నది మంత్రం. 99 శాతం దాటినా సంతోషించడానికి లేదని ఒరాకిల్ డేటాబేస్ నిపుణుడు కేరీ మిల్‌శాప్ ఒక పత్రమే రాశారు. చేతకాని ఎస్‌క్యూఎల్ క్వెరీ ఒకే డేటా బ్లాకును లక్షసార్లు చదువుతుంది. రెండోసారి నుంచి అది మెమరీలోనే ఉంటుంది కాబట్టి రేషియో ఆకాశాన్ని తాకుతుంది, కౌంటరు దగ్గర జనం మాత్రం క్యూలోనే ఉంటారు. మరో ఒరాకిల్ నిపుణుడు కానర్ మెక్‌డొనాల్డ్ ఇంకో మెట్టెక్కి, కోరిన రేషియోను కోరినట్టు ఇచ్చే చిన్న ప్రొసీజర్ రాసి చూపించారు. అంకె చెబితే చాలు, అది వచ్చేదాకా పనికిరాని క్వెరీలు నడుపుతూ కూర్చుంటుంది. యంత్రానికి చాకిరీ, రిపోర్టుకు కళ. (అంకె అందం ఈ వంశానికి కొత్త కాదు. 1979లో మార్కెట్లోకి వచ్చిన మొట్టమొదటి ఒరాకిల్‌కే వెర్షన్ 2 అని పేరు పెట్టారు.) ఇంత ఎగతాళి జరిగినా గుడి ఖాళీ కాలేదు. నెలవారీ రిపోర్టుల్లో ఆ అంకెకు ఇప్పటికీ ఆకుపచ్చ గడి దక్కుతోంది.

టేబుల్లో వరుసలు లెక్కపెట్టడానికి కౌంట్ స్టార్ కన్నా కౌంట్ వన్ వేగం అన్నది మరో ప్రసాదం. దీన్ని నమ్మి పాత ప్రోగ్రాములన్నీ దిద్దినవారున్నారు. ఒరాకిల్ మాత్రం కౌంట్ వన్‌ను లోలోపల మళ్లీ కౌంట్ స్టార్‌గానే మార్చుకుంటుంది, పైకి చెప్పదు.

అన్నిటికన్నా నిష్ఠగా సాగే వ్రతం ఆదివారం రాత్రి ఇండెక్సుల తలంటు. ఎన్నాళ్లకైనా ఇండెక్సు ఒక పక్కకు ఒరిగిపోతుందని, కాబట్టి వారం వారం కూలగొట్టి కట్టాలని చిట్కా. బీ-ట్రీ ఇండెక్సులో ఆకు బ్లాకులన్నీ ఎప్పుడూ ఒకే లోతున ఉంటాయి, ఒరగడానికి వీల్లేదు. తొలగించిన ఎంట్రీల చోటు కూడా చాలావరకు కొత్తవాటికి పనికొస్తుంది. తలంటు పోసి బ్లాకులను బిగించి కుక్కితే సోమవారం వచ్చే వరుసలకు చోటుండదు, బ్లాకులు చీలతాయి, రీడో (మార్పుల చిట్టా) పెరుగుతుంది, ఇండెక్సు మళ్లీ పాత సైజుకు చేరుతుంది. దాన్ని చూసి వచ్చే ఆదివారం తలంటు తప్పనిసరి అని తేలుస్తారు. తిరిగి కట్టడం నిజంగా అవసరమయ్యే సందర్భాలూ లేకపోలేదు. అవి ఏవో చెప్పిన పేరాయే దారిలో రాలిపోయింది.

ఫార్వర్డులు రాకముందు హైదరాబాదు అమీర్‌పేటలో ఒరాకిల్ కోర్సుల నోట్సు జిరాక్సు కాగితాల మీద చేతులు మారేది. అందులోనూ చిట్కాలకు కొదవ లేదు, కానీ పేజీకింత అని డబ్బు పోసి కొన్నవాడు ఒకసారైనా తిరగేసేవాడు. ఫార్వర్డుకు ఆ పాటి ఖర్చు కూడా లేదు.

2007లో అలెక్స్ గోర్బచేవ్ అనే డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడు) ఊహాగానాల మీద యుద్ధమే ప్రకటించారు. ఆయన మాట ఒక్కటే: ఊహించవద్దు, కొలవండి. కొలవడానికి పెద్ద సరంజామా కూడా అక్కర్లేదు. ట్రేస్ ఆన్ చేస్తే చాలు, ఒక సెషన్ ఏ క్షణం దేనికోసం ఆగిందో ఒరాకిల్ 7 కాలం నుంచీ డేటాబేసే ట్రేస్ ఫైల్లో రాసిపెడుతోంది. ఆ ఫైలు పొడవుగా ఉంటుంది, దాన్ని ఎవరూ ఎవరికీ పంపరు.